రాజ్‌భవన్‌కు ఎవరు మేలు: రాజకీయ నాయకుడా, మాజీ అధికారా?

కొత్త గవర్నరు వస్తున్నారనగానే ఆయన ఏ పార్టీ మనిషని అడుగుతాం. ఏ పార్టీ కాదంటే, మాజీ అధికారా, మాజీ న్యాయమూర్తా అని ఆరా తీస్తాం. ఆంధ్రప్రదేశ్‌కు ఈ అన్ని రకాలవారూ వచ్చారు కాబట్టి పోల్చి చూడటానికి కావలసినంత సరుకు ఉంది.

నిజానికి మరో దారి కూడా ఉండేది. గవర్నరును ప్రజలే ఎన్నుకోవాలని రాజ్యాంగ సభ మొదట్లో అనుకుంది. ఎన్నికైన ముఖ్యమంత్రి పక్కన ఎన్నికైన గవర్నరు ఉంటే ఒకే ఒరలో రెండు కత్తులవుతాయన్న భయంతో 1949లో నియామకం వైపు మొగ్గింది. ఆ భయంలో న్యాయం ఉంది. దాన్ని అక్కడే వదిలేద్దాం.

రాజకీయ నాయకుల సంగతి తలచుకుంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది 1984. హిమాచల్ ముఖ్యమంత్రి పదవి పోయిన కొద్ది నెలలకే హైదరాబాద్ రాజ్‌భవన్‌కు వచ్చిన రామ్‌లాల్, ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. ఎన్టీఆర్ అప్పుడే అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చారు. మెజారిటీ తనకే ఉందని ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాజ్‌భవన్‌కు వెళ్లారు. ఎదురుగా నిలబడిన మనుషులను లెక్కపెట్టడానికి గవర్నరుకు తీరిక లేకపోయింది గానీ, కొత్త ముఖ్యమంత్రికి బలం నిరూపించుకోవడానికి నెల రోజుల గడువు మాత్రం దొరికింది. ఆ నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆరే మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికే రామ్‌లాల్ వెళ్లిపోయారు.

ఆయన స్థానంలో వచ్చిన శంకర్ దయాళ్ శర్మ కూడా కాంగ్రెస్ నాయకుడే కావడం ఇందులో తమాషా. ఎన్టీఆర్‌తో మళ్లీ ప్రమాణం చేయించింది ఆయనే. రాజకీయాల్లో తలపండినవారికి ఎక్కడ తగ్గాలో తెలుస్తుందనే వాదనకు ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

అధికారుల వరుస ఆంధ్ర రాష్ట్రంతోనే మొదలైంది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడినప్పుడు తొలి గవర్నరు సి.ఎం. త్రివేది, బ్రిటిష్ కాలపు ఐసీఎస్ అధికారి. తర్వాతి కాలంలో మాజీ సైన్యాధిపతి శ్రీనగేశ్, రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు రంగరాజన్ వచ్చారు. నరసింహన్ ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతిగా చేసినవారు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్నప్పుడు వచ్చారు, 2014లో రాష్ట్రపతి పాలన నడిపారు, ఆపైన అయిదేళ్లు రెండు రాష్ట్రాలకూ గవర్నరుగా ఉన్నారు. ఉమ్మడి రాజధానిలో శాంతిభద్రతల ప్రత్యేక బాధ్యతను విభజన చట్టంలోని సెక్షన్ 8 గవర్నరుకే అప్పగించింది. ఆ సమయంలో అక్కడ ఏదో ఒక పార్టీ మాజీ మంత్రి ఉండి ఉంటే, ఏ ఫైలు మీద సంతకం పెట్టినా రెండు వైపులా అనుమానమే మిగిలేది.

అధికారి అయితే ఫైలు కదులుతుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. 2025లో తమిళనాడు గవర్నరుగా ఉన్న ఆర్.ఎన్. రవి మాజీ ఐపీఎస్. శాసనసభ రెండోసారి ఆమోదించి పంపిన 10 బిల్లులను ఆయన రాష్ట్రపతికి నివేదించడం చెల్లదని ఆ ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అయినా నా మొగ్గు అధికారుల వైపే. 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన బొమ్మై తీర్పుతో మెజారిటీ తేల్చే చోటు రాజ్‌భవన్ కాదు, శాసనసభేనని ఖాయమైంది. గవర్నరుకు రాజకీయ చతురత కావాలన్న వాదనకు సగం బలం అక్కడే పోయింది. ఇక మిగిలిన పని చాలావరకు బిల్లులు, ఫైళ్లు. నాయకుణ్ణే వేయాలంటే కేంద్ర-రాష్ట్ర సంబంధాలను పరిశీలించిన సర్కారియా కమిషన్ మాట పట్టించుకోవాలి: బయటి రాష్ట్రం వాడు కావాలి, ఇటీవల క్రియాశీల రాజకీయాల్లో ఉండకూడదు, ముఖ్యమంత్రిని సంప్రదించాకే నియమించాలి. రామ్‌లాల్ ఈ మూడింటిలో రెండో దాని దగ్గరే ఆగిపోయేవారు.

న్యాయమూర్తుల విషయంలో మాత్రం నాకు పేచీ ఉంది. జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023 జనవరిలో సుప్రీంకోర్టు నుంచి రిటైరయ్యారు, ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఆయన పేరు ప్రకటించారు. ఆయన అర్హతను శంకించనక్కర లేదు. కానీ బెంచి దిగిన వెంటనే కేంద్రం ఇచ్చే పదవి వస్తే, వెనకటి తీర్పులను జనం కొత్త కళ్లతో చదవడం మొదలుపెడతారు. మధ్యలో కనీసం రెండేళ్ల విరామం ఉండాలని నియమం పెడితే ఈ పేచీ ఉండదు.