బెట్టింగ్ యాప్‌ల విత్‌డ్రాయల్ సర్వీస్ రివ్యూ: ఇవ్వకపోతే ఒక లొల్లి, ఇస్తే ఇంకో లొల్లి

ఈ యాప్‌లు చాలావరకు ప్లే స్టోర్‌లో ఉండవు, లింకు టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో వస్తుంది, కాబట్టి కింద స్టార్లు ఇచ్చే చోటు కూడా ఉండదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఆట బాగుందా, ఆడ్స్ ఎట్లా ఉన్నాయి అన్నది నాకు అనవసరం. హనుమకొండలో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు, పాన్ కార్డులు, కాకతీయ యూనివర్సిటీ పిల్లల పరీక్ష ఫీజులు, ఇదీ నా పని. కానీ ఐపీఎల్ మొదలైందంటే పర్కాల, నర్సంపేట, జనగామ దిక్కు నుంచి బ్యాంకు లొల్లి పట్టుకుని వచ్చేవాళ్లు మొదలవుతారు. వాళ్ల ఫోన్లలో, స్టేట్‌మెంట్లలో చూసింది చెప్తున్నా. యాప్‌ల పేర్లు రాయను, రాసినా లాభం లేదు, రేపటికి అదే యాప్ ఇంకో పేరుతో ఇంకో రంగు లోగోతో వస్తుంది.

డబ్బు వేసే దగ్గర మాత్రం సర్వీస్ అదుర్స్, ఐదుకి ఐదు. క్యూఆర్ వస్తుంది, స్కాన్ చేస్తారు, నిమిషంలో వాలెట్‌లో పడుతుంది. కానీ స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి వరసగా చూడండి. ఒకరోజు ఏదో కిరాణా జనరల్ స్టోర్స్‌కి 500 వెళ్లింది, మర్నాడు ఎవరో ఆడమనిషి పేరుకి 1,000, ఆ సాయంత్రమే ఏదో ట్రేడర్స్‌కి 300. యాప్ ఒక్కటే, డబ్బు తీసుకునే పేరు మాత్రం పూటకొకటి. నిజమైన కంపెనీకి ఇన్ని పేర్లు ఎందుకు? ఎందుకంటే ఈ దేశంలో ఈ వ్యాపారానికి బ్యాంకు అకౌంట్ ఇవ్వరు, అందుకని ఎవరివో అకౌంట్లు అద్దెకు తీసుకుంటారు. కమీషన్ ఆశ చూపించి కూలీల దగ్గర, కాలేజీ పిల్లల దగ్గర పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ తీసుకుని నడిపే అకౌంట్లు ఇవి. పోలీసులు, బ్యాంకువాళ్లు మ్యూల్ అకౌంట్లు అంటారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, అసలు బాధంతా ఇక్కడి నుంచే వస్తుంది.

ఇప్పుడు డబ్బు బయటికి తీసే సంగతి. అందరికీ తెలిసిన పెండింగ్ బాధే. చిన్న అమౌంట్ మొదట్లో టక్కున ఇస్తారు, అది నమ్మించడానికి. కాస్త పెద్దది అడిగితే కేవైసీ అంటారు, ఆధార్ పంపితే ఫొటో మసగ్గా ఉందంటారు, మళ్లీ పంపితే బోనస్ తీసుకున్నావు కాబట్టి దానికి ఇన్ని రెట్లు ఆడితేగానీ తీయరాదంటారు. లొకేషన్ మార్చి ఆడినవాళ్లకి ఇంకో బహుమతి ఉంది: అడ్రస్‌లో తెలంగాణ అని కనపడగానే "మీ రాష్ట్రంలో అనుమతి లేదు" అని అకౌంట్ మూసేస్తారు. వేసేటప్పుడు కనపడని రాష్ట్రం తీసేటప్పుడు కనపడుతుంది! చాట్‌లో ఉండే సపోర్ట్ అమ్మాయి (అమ్మాయో, బాటో) "డియర్ ప్లేయర్, దయచేసి వేచి ఉండండి" అని అచ్చ తెలుగులో చెప్తుంది, అంతవరకే. సున్నా.

వీటన్నిటికంటే దుర్మార్గం టాక్స్ డ్రామా. "మీరు 80,000 గెలిచారు, ముందు 30 శాతం టాక్స్ కట్టండి, వెంటనే మొత్తం రిలీజ్ చేస్తాం" అని ఒక యూపీఐ ఐడీ పంపుతారు. 30 శాతం అనే అంకె నిజమైనది కావడంతో జనం నమ్ముతున్నారు. 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ గేమ్‌లో నికర గెలుపు మీద టీడీఎస్ ఉన్నమాట నిజమే, కానీ దాన్ని ఇచ్చేవాడు ఇచ్చే డబ్బులోంచి కోసుకుని, మీ పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి. గెలిచినవాడు ముందుగా జేబులోంచి తీసి యాప్‌వాడికి పంపే పద్ధతి ఇన్‌కమ్ టాక్స్‌లో లేనే లేదు. ఒక డిగ్రీ పిల్లోడు ఇట్లాగే నా కౌంటర్ ముందు నిలబడి ఫ్రెండ్‌కి ఫోన్ చేసి అప్పు అడుగుతుంటే ఫోన్ లాక్కున్నంత పని చేశా.

మరి చట్టం సంగతేంటి అని అడుగుతారు. మన రాష్ట్రంలో పైసలు పెట్టి ఆన్‌లైన్ ఆట, రమ్మీతో సహా, 2017 నుంచే నిషేధం. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది: డబ్బు ఆట నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ఆ చెల్లింపులు జరగనిచ్చే బ్యాంకులకీ పేమెంట్ కంపెనీలకీ అంతే శిక్ష. ఆ చట్టం వచ్చాక పేరున్న ఫాంటసీ, రమ్మీ కంపెనీలు డబ్బు ఆటలు ఆపేసి వాలెట్‌లో ఉన్నది తీసుకొమ్మన్నాయి. మిగిలింది బయటి దేశం సైట్లు, కింద కురసావో (ఎక్కడో కరీబియన్ దీవి) లైసెన్స్ అని చిన్న అక్షరాల్లో రాసుకుని. ఆ లైసెన్స్ కాగితం హనుమకొండ కోర్టులో చెల్లదు కదా. పైగా 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందమే చెల్లదు, గెలిచిన పందెం సొమ్ము ఇప్పించమని దావా వేసే దారి లేదు. కేంద్ర చట్టంలో ఆడినవాడికి శిక్ష పెట్టలేదు, నిజమే, రాష్ట్ర చట్టం సంగతి వేరు. కాబట్టి గెలుపు సొమ్ము ఇప్పించండి అని స్టేషన్‌కి ధీమాగా పోయేముందు ఒక లాయర్‌ని అడగడం మంచిది.

ఇంతవరకూ ఇవ్వని సంగతి. నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం మాత్రం ఇచ్చిన సంగతి.

మిర్చి సీజన్‌లో పర్కాల దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఎనుమాముల మార్కెట్లో పంట అమ్ముకున్నాడు, వ్యాపారి అకౌంట్‌లో వేశాడు, మెసేజ్ కూడా వచ్చింది. "బిడ్డా, పైసలు పడ్డయని ఫోన్ల వచ్చింది, తియ్యబోతే వస్తలేవు, బ్యాంకోళ్లు అకౌంటు బందైందంటున్రు, నేనేం జేసిన?" అన్నాడు. స్టేట్‌మెంట్ తీశాం. పురుగుమందుల షాపుకి కట్టినవి, రైతు భరోసా పడింది, కరెంటు బిల్లు, అన్నీ ఉండాల్సినవే. మధ్యలో ఒక్క లైన్ అతకలేదు: యూపీఐ ద్వారా 2,800 జమ, పంపినవాళ్లు ఏదో ఎంటర్‌ప్రైజెస్, ఊరూ పేరూ తెలియదు. కాకా, ఇదెవరు అంటే ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన వెనక నిలబడ్డ కొడుకు మొహం చూశాను. "అన్నా, బాపు ఫోన్ల నుంచి ఆడిన, గెలిచింది గంతే, అది గూడ ఒక్కపారే ఇచ్చిండ్రు" అన్నాడు నెమ్మదిగా. దుకాణంలో ఉన్నవాళ్లంతా వింటుంటే ఆ పెద్దాయన ఏమీ అనలేదు, స్టేట్‌మెంట్ కాగితం మాత్రం తీసుకుని ఆ లైన్ మీద వేలు పెట్టి "గీ రెండువేల ఎనమన్నూటికా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు.

జరిగేది ఇది. ఎక్కడో ఇంకో రాష్ట్రంలో ఒకరు పార్ట్‌టైమ్ జాబ్ పేరుతోనో, కొరియర్ ఫోన్ పేరుతోనో మోసపోయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తారు. ఆ డబ్బు ఏ అకౌంట్‌లో పడింది, అక్కడి నుంచి ఎటు పోయింది అని పోలీసులు, బ్యాంకులు వరసగా ఆపుకుంటూ వస్తారు. ఆ దొంగ డబ్బు పడిన అద్దె అకౌంట్ నుంచే యాప్‌వాడు మీకు గెలుపు సొమ్ము పంపిస్తాడు. అంటే యాప్ మీకు ఇచ్చింది యాప్ డబ్బు కాదు, ఎవరి ఏడుపో. అక్కడి ఫిర్యాదు ఇక్కడ మిర్చి రైతు పాస్‌బుక్ దాకా వచ్చి ఆగుతుంది. ఆడినవాడు గెలిచాడు, పేమెంట్ టైమ్‌కి వచ్చింది, యాప్ మాట నిలబెట్టుకుంది, అయినా ఇల్లు ఆగమైంది. అందుకే డబ్బు ఇచ్చే యాప్‌కి కూడా నేను సున్నానే ఇస్తా, ఇంకా కింద అంకె ఉంటే అది ఇస్తా.

ఇక బ్యాంకు. ఆ బ్రాంచి పేరు అక్కర్లేదు, ఇంచుమించు అన్నిచోట్లా అదే మాట: "మాకు పైనుంచి వచ్చింది, సైబర్ వాళ్లని అడుక్కోండి." ఏ సైబర్ వాళ్లు, ఏ ఊరు? చెప్పరు. రెండు కౌంటర్లు తిప్పి, లంచ్ తర్వాత రమ్మంటారు. ఐదుకి ఒకటి, అది కూడా లోపల ఉన్న ఒక మేడమ్ సిస్టమ్‌లో చూసి వివరాలు కాగితం మీద రాసిచ్చినందుకు. అక్కడ నోటితో అడగొద్దు, అర్జీ రాసివ్వండి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అర్జీలో అడగాల్సింది ఫిర్యాదు అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ ఎంత, ఏ రాష్ట్రం ఏ పోలీస్ స్టేషన్, వాళ్ల మెయిల్ ఏంటి, వివాదంలో ఉన్న అమౌంట్ ఎంత అని. అమౌంట్ తెలిశాక, ఆ అమౌంట్ వరకే లీన్ పెట్టి, అంటే అంతవరకే కదలకుండా ఆపి, మిగతాది వదలమని అడగండి. 2,800 కోసం మొత్తం మిర్చి పైసలు ఆపడం న్యాయం కాదని మనం అంటే వినరు గానీ, 2023లో కేరళ హైకోర్టు ఇట్లాంటి కేసుల్లోనే అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపాలని చెప్పింది. కాకా అర్జీలో ఆ ముక్క రాశాం. ఆ స్టేషన్‌కి మెయిల్ కూడా పెట్టాం, మిర్చి అమ్మిన తక్‌పట్టీ (మార్కెట్ రశీదు) జతచేసి, కొడుకు ఆడిన సంగతి ఉన్నదున్నట్టు రాసి. కొన్నాళ్లకి 2,800 మీద లీన్ ఉంచి మిగతాది వదిలారు. ఆ 2,800 ఇంకా అట్లాగే ఉంది, దాని గురించి ఎవరికీ బెంగ లేదు.

కొందరు తెలివి చూపిస్తారు. "నేను పిన్ కొట్టలేదు, ఎవరో నా అకౌంట్‌లోంచి తీశారు అని రాయి అన్నా, బ్యాంకు ఇచ్చేస్తదంట." ఇది యూట్యూబ్ జ్ఞానం. మనకు తెలియకుండా డబ్బు పోతే మూడు పనిదినాల్లో బ్యాంకుకి చెప్పినవాళ్లకి, వాళ్ల తప్పు లేకపోతే, నష్టం ఉండదని 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు చెప్పింది, నిజమే. కానీ అది తెలియకుండా పోయినదానికి. మీ ఫోన్‌లో మీ పిన్ కొట్టి మీరే పంపినదానికి అది వర్తించదు, అబద్ధం రాస్తే సంతకం మీది, ఫారం నాది. అట్లాంటివి నేను నింపను, వేరే సెంటర్ చూసుకోండి.

ఒక్క రకం కేసులో మాత్రం బ్యాంకు మీద గట్టిగా కూర్చోవచ్చు: అకౌంట్‌లో కట్ అయ్యి, అవతల చేరకుండా మధ్యలో ఆగినవి. 2019 సెప్టెంబర్ రూల్ ప్రకారం యూపీఐలో మనిషి నుంచి మనిషికి పంపినదైతే మర్నాటికి, షాపుకి కట్టినదైతే ఐదు రోజుల్లో తిరిగి రావాలి, దాటితే రోజుకి 100 రూపాయలు బ్యాంకు కట్టాలి. అయితే యూపీఐ యాప్‌లో సక్సెస్ అని ఉండి బెట్టింగ్ వాలెట్‌లో కనపడకపోతే అది ఈ రూల్ కిందికి రాదు. బ్యాంకు లెక్కలో అది చేరిపోయింది. ఈ తేడా చెప్పడానికే నాకు సగం పొద్దు పోతుంది.

1930 గురించి రాయకపోతే అన్యాయం. మోసపోయామని తెలిసిన గంటలో చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం ఎక్కువ, దానికే పోర్టల్ కూడా ఉంది, ఖర్చు లేదు. టాక్స్ పేరుతో కట్టించుకున్నవాళ్లు వెంటనే చేయండి, సిగ్గుపడి మూడు రోజులు ఆగితే ఆ డబ్బు ఎప్పుడో ఏటీఎంలోంచి బయటపడి ఉంటుంది. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో రాయొచ్చు, 14448కి ఫోన్ చేసి అడగొచ్చు, అదీ ఫ్రీయే. కానీ అది బ్యాంకు సర్వీస్ మీద ఫిర్యాదు. యాప్‌వాడి దగ్గర మీ గెలుపు వసూలు చేసిపెట్టడం వాళ్ల పని కాదు.

ఇంకో మాట, పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు ఫైల్ చార్జి 2,000 అని టెలిగ్రామ్‌లో మెసేజ్ చేసేవాళ్లు కూడా ఆ బ్యాచే. మీరు పోగొట్టుకున్న అమౌంట్ వాళ్లకి పైసలతో సహా ఎట్లా తెలిసిందో ఒక్కసారి ఆలోచించండి.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ఆరు నెలల స్టేట్‌మెంట్, ఆ లావాదేవీ 12 అంకెల యూటీఆర్ నంబర్, యాప్‌తో చేసిన చాట్ స్క్రీన్‌షాట్లు తీసుకురండి. చాట్ డిలీట్ చేసి రాకండి. ఇంట్లోవాళ్ల అకౌంట్ అయితే ఆ అకౌంట్ మనిషిని కూడా తీసుకురండి, వాళ్లకి తెలియకుండా వాళ్ల పేరుతో అర్జీ పెట్టను. ప్రింట్లకి పేజీకి తీసుకుంటా, అర్జీ రాసినందుకు తీసుకోను. ఆదివారం సెంటర్ బంద్.