పాత కంప్యూటర్ త్వరగా ఆఫ్ కావడానికి చేసే సెట్టింగ్‌లు: రెండేళ్ల వాడకం తర్వాత

నాలుగు జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఇలాంటి డెస్క్‌టాప్‌లో రెండేళ్లుగా వాడి చూసిన మార్పులివి. అందరూ మొదట చెప్పే రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోటు) మార్పుకి నేనిచ్చే మార్కులు తక్కువే.

రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్ దాకా వెళ్తే 'వెయిట్ టు కిల్ సర్వీస్ టైమౌట్' ఉంటుంది (అక్కడ ఖాళీల్లేకుండా ఒకే మాటగా కనిపిస్తుంది). సర్వీసులు, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రామ్‌లు, ఆగడానికి ఇచ్చే గడువు అది, మిల్లీసెకన్లలో. ఎక్స్‌పీలో 20000 ఉండేది కాబట్టి తగ్గిస్తే తేడా తెలిసేది. విండోస్ 10లో ముందే 5000. దాన్ని 2000 చేస్తే కలిసొచ్చేది మూడు సెకన్లు, అదీ ఏదైనా సర్వీసు మొండికేసినప్పుడే. డేటాబేస్ నడిచే మెషీన్‌లో మాత్రం తగ్గించకండి. రాత పూర్తికాకముందే సర్వీసు ఆగిపోతే డేటా చెడే ప్రమాదం ఉంది.

అసలు ఆలస్యం ఎక్కడో ముందు పట్టుకోవాలి. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నొస్టిక్స్ పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ తెరవండి. 200 నంబరు ఈవెంట్‌లో షట్‌డౌన్‌కి పట్టిన సమయం, 201లో ఆలస్యం చేసిన ప్రోగ్రామ్, 203లో సర్వీసు పేరు ఉంటాయి. పాత ప్రింటర్ సాఫ్ట్‌వేరో, ఒకటికి రెండున్న యాంటీవైరస్సో అక్కడ దొరికితే తీసేయండి. ఇంతకు మించిన మందు లేదు.

నిమిషం దాటుతోందంటే 'క్లియర్ పేజ్ ఫైల్ ఎట్ షట్‌డౌన్' చూడండి. అదే కంట్రోల్ కింద సెషన్ మేనేజర్, మెమరీ మేనేజ్‌మెంట్‌లో ఉంటుంది. విలువ 1 అయితే ఆఫ్ చేసిన ప్రతిసారీ పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే ఫైల్) మొత్తాన్ని సున్నాలతో నింపుతుంది. సెకనుకి 100 ఎంబీ రాసే డిస్క్‌లో 8 జీబీ ఫైల్‌కి 80 సెకన్లు! ఇంట్లో వాడే కంప్యూటర్‌కి 0 చాలు.

మళ్లీ త్వరగా ఆన్ కావడానికి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆఫ్ చేసేటప్పుడు కెర్నల్‌ని (విండోస్ మూల భాగాన్ని) డిస్క్ మీద రాస్తుంది. పవర్ ఆప్షన్స్‌లో దాని టిక్ తీసేస్తే ఆ రాత తప్పుతుంది, కానీ పొద్దున ఆన్ కావడానికి ఎక్కువసేపు పడుతుంది. హార్డ్‌డిస్క్ ఉన్నవాళ్లు రెండూ తూచి చూసుకోవాలి.

రిజిస్ట్రీలోనే ఉండే 'ఆటో ఎండ్ టాస్క్స్'ని 1 చేయమని చాలామంది చెబుతారు. నేను వద్దంటాను. సేవ్ చేయని ఫైల్ తెరిచి ఉన్నా అడక్కుండా మూసేస్తుంది. డీటీపీ పనిచేసేవాళ్లకి రోజంతా కూర్చిన పేజీలు పోతాయి.