రాజమండ్రి నుంచి నర్సాపురం దాకా: గోదావరి పాయల వెంట సైకిలు దారులు

కోనసీమలో ఎత్తుపల్లాలు లేవు. దారి మొత్తం మీద పెద్ద ఎక్కుడంటే కింది రోడ్డు నుంచి ఏటిగట్టు మీదికి వచ్చే ఆ కాస్త వాలే. అందుకని ఇక్కడ రోజుకు ఎంత దూరం తొక్కగలమన్నది గేర్లు తేల్చవు. గాలి, పంట, నది నీటిమట్టం తేలుస్తాయి. ఈ మూడూ చూసుకుని బయల్దేరితే రాజమండ్రి నుంచి అంతర్వేది చూసుకుని నర్సాపురం వరకు రెండు రోజుల్లో వెళ్ళొచ్చు. ఊళ్ళల్లో ఆగుతూ వెళ్తే మూడు రోజులు హాయిగా సరిపోతుంది. చూసుకోకపోతే చదును నేల మీద కూడా బండి సాగదు.

కాలం సంగతి ముందు. డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. ఆ రోజుల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. మన దారి దక్షిణానికీ నైరుతికీ దిగుతుంది కాబట్టి గాలి వీపు మీద ఉంటుంది. అదే దారిని నర్సాపురం నుంచి మొదలుపెట్టి ఎగువకు తొక్కితే అంతే గాలి ఛాతీకి కొడుతుంది. మార్చి వచ్చిందంటే లెక్క తిరగబడుతుంది: మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఎదురవుతుంది, ఉక్క పెరుగుతుంది. అప్పుడు వెళ్ళక తప్పకపోతే పదకొండు లోపు ఆ రోజు దూరం పూర్తిచేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. నీళ్ళు లేని కాలువ పక్కన ఆ ఎండలో తొక్కడానికి ఈ దారి ఎంచుకోనక్కరలేదు.

జులై నుంచి సెప్టెంబరు వరకు వరదల కాలం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. పి.గన్నవరం దగ్గర కనకాయలంక కాజ్‌వే (నీటికి దగ్గరగా వేసిన రోడ్డు) లాంటివి ముందే మునుగుతాయి. మొదటి హెచ్చరిక ఉన్న రోజు నది మధ్య లంకల్లోకి దిగే దారి ఏదీ పెట్టుకోవద్దు.

సంక్రాంతి మూడు రోజులూ సైకిలుకు పనికిరావు. కోడిపందేల బరుల దగ్గర కార్లు రోడ్డు మీదే ఆపేస్తారు, లాడ్జీల అద్దెలు ఎన్నో రెట్లు పెరుగుతాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం తరలివస్తారు కాబట్టి అంబాజీపేట వైపు దారులన్నీ నిండిపోతాయి. ఊరేగించే ఆ ఎత్తయిన వెదురు ప్రభల్ని చూడాలనుకుంటే చూడండి, తప్పక చూడాల్సినవే. సైకిలు మాత్రం అమలాపురంలో వదిలేసి వెళ్ళాలి.

రాజమండ్రిలో తెల్లవారగానే బయల్దేరడం మేలు. ధవళేశ్వరం వరకు లారీలు, ఆటోలు ఎక్కువ. ఆ కాస్త దూరం తొందరగా దాటేస్తే మిగతా దారి మనదే. కాటన్ మ్యూజియం ఆ వేళకు తెరవరు. చూడాలంటే ముందురోజు సాయంత్రమే చూసుకోవాలి. 1847లో మొదలై 1852లో పూర్తయిన, ఇంజినీరు కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట కథ తెలిస్తే తర్వాత దారిలో కనిపించే, కాలువ నీటిని అదుపు చేసే ప్రతి లాకూ, ప్రతి కాలువా ఎందుకు అక్కడ ఉందో అర్థమవుతుంది.

ఇప్పటి బ్యారేజీకి నాలుగు భాగాలు, 175 గేట్లు. మనం ధవళేశ్వరం, ర్యాలి భాగాలు దాటి బొబ్బర్లంక దగ్గర దిగుతాం. వంతెన అతుకుల దగ్గర ఖాళీలు రోడ్డుకు అడ్డంగా ఉంటాయి. సన్న టైరుతో వాటిని ఏటవాలుగా దాటకూడదు, చక్రం తిన్నగా, నేరుగా పెట్టి దాటాలి. నీటి మీద పక్కగాలి ఉంటే రెయిలింగ్‌కు మరీ దగ్గరగా వెళ్ళకండి. డిసెంబరు, జనవరిల్లో ఎనిమిది దాకా మంచు పట్టి ఉంటుంది, ముందూ వెనకా లైట్లు వెలుగుతూనే ఉండాలి.

బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల వరకు కాలువ వెంట పోయే దారే ఈ ప్రయాణానికంతటికీ ప్రాణం. ఒక పక్క నిండుగా కాలువ, ఇంకో పక్క కొబ్బరి, అరటి. రోడ్డు సన్నం, కానీ పొద్దున్న వాహనాలు తక్కువ. శనివారం మాత్రం వద్దు: వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే కార్లతో ఈ దారి కిక్కిరిసి ఉంటుంది. పూతరేకులు ఆత్రేయపురంలోనే కొనుక్కోండి గానీ ఇంటికి తీసుకెళ్ళే డబ్బాను సైకిలు సంచిలో అడుగున పెట్టొద్దు, సాయంత్రానికి పొడే మిగులుతుంది. హ్యాండిల్ సంచిలో, పైన పెట్టాలి. కాలువ చీలే చోట ఉన్న లొల్ల లాకుల దగ్గర చెట్ల నీడలో అరగంట ఆగొచ్చు. ర్యాలిలో ఒకే శిలలో ముందు కేశవుడిగా, వెనక మోహినిగా చెక్కిన మూర్తి ఉంది. అందుకోసం కాస్త పక్కకు తిరగడంలో నష్టం లేదు.

ఈ ప్రాంతంలో సైకిలును ఎక్కువగా ఇబ్బంది పెట్టేది గుంతలు కాదు, ధాన్యం. సార్వా (ఖరీఫ్) కోతలయ్యాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. గింజల మీద బ్రేకు వేస్తే ముందు చక్రం పక్కకు జారిపోతుంది. కుప్ప మీదికి వెళ్ళక తప్పనప్పుడు హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు పట్టకుండా, నెమ్మదిగా దాటాలి. అయినా అది రైతు తిండిగింజ, వీలైనంత వరకు దిగి పక్క నుంచి నడిపించుకుపోవడమే మర్యాద. రాశి చుట్టూ, బరకాల అంచుల మీద రాళ్ళు పెడతారు. మునిమాపువేళ అవి కనిపించవు, రిమ్ము సొట్టపోయేది అక్కడే. ఇక గడ్డి. పొడుగాటి పరక ఒకటి వెనక డిరైలర్ (గేర్లు మార్చే భాగం) చిన్న చక్రంలోకి వెళ్ళి చుట్టుకుంటే గేరు దానంతటదే మారడం మొదలవుతుంది. అలాగే బలంగా తొక్కితే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. ఆ శబ్దం వినగానే దిగి, పెడల్ వెనక్కి చేత్తో తిప్పుతూ పరకను లాగేయాలి. మన ఫ్రేముకు సరిపడే హ్యాంగర్ ఒకటి సంచిలో ఉండాలి, దారిలో ఏ ఊళ్ళోనూ దొరకదు.

దాళ్వా (రబీ) వరికి పొలాలు దమ్ము చేసే రోజుల్లో ఇంకొకటి చూడాలి. ఇనప దమ్ము చక్రాలు తీయకుండా ట్రాక్టర్లు తారు రోడ్డెక్కితే అడ్డంగా గాట్లు పడతాయి. వాటి మీద 25 మిల్లీమీటర్ల టైరుతో తొక్కితే చేతులు తిమ్మిరెక్కుతాయి. ఈ దారికి 32 టైరు సరైనది, కనీసం 28 ఉండాలి. డెబ్భై కిలోల మనిషికి 32 టైరులో ముందు 55, వెనక 60 పీఎస్ఐ గాలి చాలు.

రావులపాలెంలో పదహారో నంబరు జాతీయ రహదారి తగులుతుంది. దాన్ని దాటడం వరకే, దాని మీద తొక్కొద్దు. అక్కడి నుంచి మూడు దారులు. కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్ళే పెద్ద రోడ్డు తొందరగా చేరుస్తుంది గానీ బస్సులు, కొబ్బరి లారీలు ఎక్కువ. గోదావరి పాయ గౌతమి గట్టు వైపు నుంచి అయినవిల్లి, ముక్తేశ్వరం వెళ్ళే దారి ప్రశాంతంగా ఉంటుంది, కోటిపల్లి రేవు కూడా అక్కడే. కానీ గట్టు మీద తారు అన్నిచోట్లా లేదు. వాన పడిన మర్నాడు బంకమట్టి టైరుకూ బ్రేకుకూ మధ్య పట్టేసి చక్రమే తిరగదు. మూడోది పి.గన్నవరం దారి. ఒక్కటే ఎంచుకోమంటే ఇదే. వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన అక్విడక్టు ఇక్కడుంది. కింద నది, పైన కాలువ, ఆ కాలువతో పాటే మనమూ అవతలి గట్టుకు చేరతాం. 2000లో కట్టిన దీనికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. పక్కనే పందొమ్మిదో శతాబ్దపు పాత అక్విడక్టు కమానులు కనిపిస్తాయి.

అవతల మామిడికుదురు వైపు తిరిగితే అప్పనపల్లి బాల బాలాజీ గుడి. మధ్యాహ్నం అన్నదానం ఉంటుంది, సైకిళ్ళు పెట్టుకోవడానికి చోటూ ఉంటుంది. అక్కడి నుంచి రాజోలుకు ఊళ్ళ మధ్య రోడ్లు పట్టుకోవాలి. 216 జాతీయ రహదారి మీద రొయ్యల లారీలు, ట్యాంకర్లు తిరుగుతాయి, చీకటి పడ్డాక అటు వెళ్ళొద్దు.

రాత్రి బసకు దిండి, అమలాపురం, అంతర్వేది ఉన్నాయి. దిండిలో పర్యాటక శాఖ రిసార్టు వశిష్ఠ పాయ ఒడ్డునే ఉంది. ఖర్చు ఎక్కువే, శని ఆదివారాలు ముందుగా బుక్ చేసుకోకపోతే దొరకదు. అయినా పొద్దుటే నది చూస్తూ టీ తాగాలంటే ఆ డబ్బు దండగ కాదు. హౌస్‌బోటు మాత్రం సైకిలు యాత్రకు కలిసిరాదు, సైకిలు ఎక్కడ పెట్టాలన్న తంటా ఉంటుంది. అమలాపురంలో లాడ్జీలు చవక, తిండి బాగుంటుంది. గది తీసుకునేముందే సైకిలు గదిలోకి తెచ్చుకుంటామని చెప్పి ఒప్పించుకోవాలి, డబ్బు కట్టాక అడిగితే మెట్ల కింద పెట్టమంటారు. అంతర్వేది సత్రాల్లో గదులు మామూలువి, దోమతెర వెంట ఉండాలి. భీష్మ ఏకాదశికి జరిగే స్వామి కల్యాణం రోజుల్లో అక్కడ గది ఆశ పెట్టుకోవద్దు. పొద్దున్న టిఫినుకు అంబాజీపేట వైపు వెళ్తే పనసాకు దొన్నెల్లో ఉడికించిన పొట్టిక్కలు తినాలి. తొక్కేవాడి కడుపుకు నూనె పూరీ కన్నా అవి వెయ్యి రెట్లు నయం.

అంతర్వేదిలో గుడి దాటాక లైట్‌హౌస్ వైపు, అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు ఇసుక మొదలవుతుంది. సైకిలును అక్కడికి దింపొద్దు. ఉప్పుగాలికి ఇసుక తోడైతే చైను ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. బసకు రాగానే గుడ్డతో తుడిచి ఆయిల్ వేయాలి.

రిపేరు షాపులు దాదాపు ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఉన్నాయి. పంక్చరు చక్కగా వేస్తారు, వంగిన రిమ్ము కూడా సరిచేస్తారు. కానీ వాళ్ళ పంపులు మామూలు సైకిలు వాల్వుకు, బైకు వాల్వుకు సరిపడేవి. సన్నటి ప్రెస్టా వాల్వు ఉన్నవాళ్ళు ఇత్తడి అడాప్టర్ దగ్గర పెట్టుకోవాలి. ట్యూబులు రెండు, టైరు లీవర్లు, చైను లింకు వెంట ఉండాలి. గట్ల మీద తుమ్మముళ్ళు ఎక్కువ. పంక్చరయితే ముల్లు టైరు లోపలే ఉండిపోతుంది, వేలితో తడిమి తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుంది.

అంతర్వేది నుంచి సఖినేటిపల్లి రేవుకు వచ్చి పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కితే అవతల నర్సాపురం. పంటు మీదికి ఎక్కే బల్ల తడిగా ఉంటుంది, సైకిలు దిగి బ్రేకు పట్టుకుని నడిపించండి. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, అప్పుడు దిండి–చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చుట్టి రావాలి.

రైలు నర్సాపురంలో ఎక్కడమే తెలివైన పని. హైదరాబాదు రైళ్ళు ఇక్కడే బయల్దేరతాయి కాబట్టి బ్రేక్ వ్యానులోకి సైకిలు తీరిగ్గా ఎక్కిస్తారు. రాజమండ్రిలో బండి ఆగేది కొద్ది నిమిషాలే, హడావిడిలో సైకిలు మీద ఇంకో మూట పడేస్తారు, లేదా దాన్ని ప్లాట్‌ఫారం మీదే వదిలేస్తారు. టికెట్టు తీసుకుని రెండు మూడు గంటల ముందే పార్సిల్ ఆఫీసుకు వెళ్ళండి. పెడళ్ళు, లైట్లు, సీసాలు తీసేసి, డిరైలర్‌కు అట్టముక్క కట్టి, చేరాల్సిన స్టేషను పేరు, రైలు నంబరు రాసిన చీటీలు ఫ్రేముకు రెండు చోట్ల అంటించాలి. రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి, అది చూపించందే దిగినచోట సైకిలు ఇవ్వరు.