ఎండాకాలంలో రీఛార్జి టార్చి: వెలుతురు సరే, వేడి సంగతేంటి?

మా బత్తాయి తోటకు వేసవిలో రాత్రిపూటే నీళ్లు పెడతాం. నల్లగొండ ఎండల్లో పగలు పెడితే సగం ఎండే తాగేస్తుంది. చీకట్లో పాదు పాదుకూ తిరగాలి, పాముల భయం ఉంటుంది, అడవి పందుల బెడద సరేసరి. అందుకే కోఠిలో ఓ అల్యూమినియం టార్చి కొన్నాను. కొన్నేళ్లుగా అదే వాడుతున్నా. వెలుతురుకు వంక పెట్టలేం. తంటా అంతా వేడితోనే.

ఫుల్ మీద పెట్టి కాసేపు వెలిగిస్తే చాలు, తల దగ్గర గాడులున్న చోట చెయ్యి పెట్టలేం. "గిదేందిరా, కుంపటి లెక్క కాలుతున్నది" అంటూ నాయిన తువ్వాల చుట్టి పట్టుకునేవాడు. నిజానికి చెయ్యకూడని పని అదే. ఎల్ఈడీ వేడి బయటికి పోవడానికే ఆ గాడులు. వాటిని గుడ్డతో మూస్తే వేడి వెనక్కి మళ్లి లోపలి బ్యాటరీ సెల్‌కు ఎక్కుతుంది. కాసేపటికి వెలుతురు దానంతటదే తగ్గితే టార్చి పాడైందని కంగారు పడకండి, వేడెక్కకుండా అలా తగ్గేటట్టే చేస్తారు. నేనైతే మీడియం మీదే వాడతాను. దూరంగా ఏదైనా అలికిడైతేనే ఫుల్.

లోపల ఉండేది 18650 లిథియం సెల్. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. టార్చితో వచ్చిన సెల్ మీద 9900 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే లెక్క) అని ఉంది. ఈ సైజులో మంచి సెల్స్ కూడా చాలావరకు 3600 దాటవు. దాన్ని పక్కన పడేసి అసలుది వేశాక ఛార్జింగ్‌లో వేడి బాగా తగ్గింది. అసలు సెల్ 45 గ్రాముల పైనే తూగుతుంది, చేతిలో పెట్టుకుంటేనే తేడా తెలుస్తుంది.

సెల్ మీది ప్లాస్టిక్ తొడుగు చిరిగితే మాత్రం వాడొద్దు. ఆ డబ్బా మొత్తం మైనస్సే, ప్లస్ పైనున్న చిన్న బొడిపె ఒక్కటే. అంచు దగ్గర చిరుగు ఉంటే షార్టయి మంటలు రావచ్చు. విడి సెల్‌ను తాళంచెవులతో పాటు జేబులో వేసుకోవడమూ అంతే ప్రమాదం.

లిథియం సెల్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెలలో మా ఊళ్లో బయటే అంత ఉంటుంది, ఇక మోటారు దగ్గరి రేకుల షెడ్డు సంగతి చెప్పేదేముంది! అందుకే తోట నుంచి వచ్చాక చల్లారనిచ్చి, తెల్లవారుజామున ఇంట్లో బండల మీద పెట్టి ఛార్జ్ చేస్తా. పరుపు మీద పెట్టను. బండి డిక్కీలోనూ వదిలెయ్యను, అందులోనూ ఫుల్ ఛార్జితో అసలే వద్దు, సెల్ తొందరగా ముసలిదైపోతుంది.

ఇంకోటి, సంచిలో వేసేటప్పుడు వెనక మూత కొంచెం తిప్పి వదులు చేస్తాను. లేదంటే బటన్ నొక్కుకుపోయి బట్టల మధ్య వెలుగుతూనే ఉంటుంది, ఆ వేడికి సంచి కాలినా కాలుతుంది. అన్ని టార్చీలకూ ఈ సదుపాయం ఉండదు, కొనేముందు తిప్పి చూడండి.

ఇదే టార్చి మళ్లీ కొంటానా అంటే కొంటాను. కానీ షాపులో ఫుల్ లైట్ చూసి మురిసిపోకుండా, మీడియం మీద ఎంత దూరం పడుతుందో చూసుకుని.