ఆరేళ్లుగా మా ఇంట్లో బీపీ మిషన్

మా ఇంటికి బీపీ మిషన్ వచ్చి ఈ శ్రావణానికి ఆరేళ్లు నిండాయి. ఈలోగా మిక్సీ మారింది, ఫ్రిజ్ మారింది, ఇది మాత్రం అలాగే పనిచేస్తోంది. మోచేతికి పైన పట్టీ చుట్టే రకం, నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. "ఇంట్లో చూసుకుంటూ ఉండండి" అని డాక్టరు చెప్పి పంపినవారి కోసం నా అనుభవం రాస్తున్నాను.

ఆసుపత్రిలో ఎప్పుడు చూసినా నా పై అంకె 150 దాటేది. ఈ మిషన్ కొని, వారం రోజులు పొద్దున మాత్ర వేసుకోకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి నోటుపుస్తకంలో రాసుకుని వెళ్లాను. చాలావరకు 130 లోపే! తెల్లకోటు కనబడగానే పెరిగే బీపీ అనేది ఒకటుందని అప్పుడే తెలిసింది. ఆసుపత్రిలో 140/90 హద్దయితే, ఇంట్లో చూసిన రీడింగుల సగటుకు 135/85 హద్దు అని డాక్టరు వివరించి, మాత్రల మోతాదు పెంచకుండా ఆపారు. పెట్టిన డబ్బు నాకు ఆ వారంలోనే గిట్టింది.

పాత పాదరసం పరికరంతో డాక్టర్లు స్టెతస్కోప్ పెట్టి చప్పుడు వినేవారు. ఇది పట్టీ బిగిసి వదులయ్యేటప్పుడు రక్తనాళంలో పుట్టే అదురును పట్టుకుని లెక్క కడుతుంది. అందుకే చేయి కదిపినా, మాట్లాడినా అంకె తప్పుతుంది. ముందుగా ఐదు నిమిషాలు వెన్ను ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఊరికే కూర్చోవాలి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. కాఫీ తాగితే అరగంట ఆగాలి. మిషన్ ఎంత మంచిదైనా ఈ ఐదు నిమిషాలు లేకపోతే ఆ అంకెకు విలువ లేదని నా గట్టి నమ్మకం.

మా ఇంట్లో ఆ ఐదు నిమిషాలూ ఒక వేడుకే. మావారు టీవీ గొంతు తగ్గిస్తారు. నాలుగేళ్ల మనవరాలు గుమ్మంలో నిలబడి "అమ్మమ్మకు బీపీ! ఎవ్వరూ మాట్లాడకూడదు!" అని వీధి చివరికి వినబడేలా ప్రకటిస్తుంది. దాంతో అందరికీ నవ్వు ఆగదు, మళ్లీ మొదటినుంచి కూర్చోవాలి. అయినా ఆ నవ్వు లేని పొద్దు నాకు వెలితిగా ఉంటుంది.

పక్కింటి పిన్నిగారు ఒకరోజు మూడంతస్తులు ఎక్కి వచ్చి, వస్తూనే చేయి చాపారు. 168 వచ్చింది. పాపం, ఆవిడ ముఖం వాడిపోయింది. జాకెట్టు చేయి పైకి బిగించి మడిచారని గమనించి, వదులైనది వేసుకు రమ్మన్నాను. పది నిమిషాలు కూర్చోబెట్టి చూస్తే 138. ఇప్పుడు ఆవిడే మా అపార్టుమెంటులో అందరికీ కూర్చునే పద్ధతి నేర్పుతున్నారు.

ఇక ఇబ్బందులు. నాలుగో ఏట పట్టీలో గాలి కారడం మొదలైంది. కంపెనీకి ఎన్నిసార్లు ఫోను చేసినా జవాబు లేదు. ఒక దుకాణంలో దొరికిన పట్టీ తెచ్చి కట్టుకుంటే బీపీ ఒక్కసారిగా పెరిగినట్టు చూపించింది. రెండు వారాలు కంగారు పడ్డాక అసలు సంగతి తెలిసింది: అది 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోయేది, నా దండచేతి చుట్టుకొలత 34. చిన్న పట్టీ అంకెను పెంచి చూపిస్తుంది. కాబట్టి కొనేముందు టేపుతో చేయి కొలుచుకోండి. ఇంకొకటి, బ్యాటరీలు మార్చినప్పుడల్లా తేదీ, సమయం పోతాయి. తెరకు వెలుగు లేదు, తెల్లవారుజామున కళ్లజోడు వెతుక్కోవాల్సిందే.

ఏడాదికోసారి మిషన్‌ను ఆసుపత్రికి తీసుకువెళ్లి అక్కడి దానితో పోల్చి చూస్తాను. తేడా ఎప్పుడూ 5 దాటలేదు. నిమిషం వ్యవధితో రెండుసార్లు చూసి ఆపేస్తాను. అంకె నచ్చలేదని పదేపదే బటన్ నొక్కితే కంగారే పెరుగుతుంది. మాత్రల సంగతి మాత్రం డాక్టరుకే వదిలేయండి.

ఇది పాడైతే మళ్లీ మోచేతి పైన కట్టే రకమే కొంటాను, పెద్ద పట్టీతో, వెలిగే తెరతో. మొన్ననే మూడో నోటుపుస్తకం మొదలుపెట్టాను. మొదటి పేజీ మనవరాలు ముందే ఆక్రమించుకుంది: చేతికి పట్టీ కట్టుకున్న అమ్మమ్మ, పక్కనే నోటి మీద వేలు పెట్టుకుని తను.