చిక్కడపల్లిలో రెండు ఆదివారాల వ్యాసరచన తరగతి

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి ప్రాంతంలో ఒక చిన్న శిక్షణ సంస్థ పెద్దవారి కోసం రెండు ఆదివారాలపాటు నిర్వహించిన వ్యాసరచన తరగతికి గత నెలలో 1,200 రూపాయలు చెల్లించి హాజరయ్యాను. మా అపార్ట్‌మెంట్ సంఘం తరఫున అర్జీలు రాసే బాధ్యత నాది. అవి గోడు వెళ్లబోసుకున్నట్టు ఉంటున్నాయే తప్ప ఎవరినీ ఒప్పించడం లేదని మిత్రులు పదేపదే అనడంతో చేరాను.

మొదటి ఉదయమంతా కల్పనకూ కల్పనేతర రచనకూ భేదమేమిటి, వర్ణన ఏది, వివరణ ఏది అంటూ నిర్వచనాలు రాయించడంతోనే గడిచింది; పదో తరగతి వాచకం మళ్లీ తెరిచినట్టు అనిపించింది. అసలు చదువు భోజనానంతరం మొదలైంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను తీసుకుని బోధకురాలు మూడు వాక్యాలు బోర్డు మీద రాశారు. ఆ వరద తరువాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయన్నది వాస్తవం. నగరంలో అంతటి ముందుచూపుతో కట్టిన నిర్మాణం మరొకటి లేదన్నది అభిప్రాయం. ఆ జలాశయాల పరీవాహక ప్రాంతంలో కొత్త కట్టడాలను అనుమతించరాదన్నది ప్రతిపాదన. మొదటిదాన్ని రికార్డులతో సరిచూసుకోవచ్చు, రెండోదానితో విభేదించవచ్చు; మూడోదానికి మాత్రం కారణం చెప్పాలి, ఆ కారణానికి ఆధారం చూపాలి, ఆ ఆధారం ఈ ప్రతిపాదననే ఎందుకు బలపరుస్తుందో కూడా విడమర్చాలి. నా అర్జీలలో లోపించినది ఈ చివరి మెట్టే. మురుగు పొంగుతున్న ఫొటోలు జతచేసి పైపు మార్చమని కోరేవాణ్ణి. ఆ ఫొటోలు మురుగు పొంగుతోందని చెబుతాయే గాని, పైపు చాలడం లేదని చెప్పవు కదా!

రెండో ఆదివారం అరిస్టాటిల్ చెప్పిన ఈథోస్, పేథోస్, లోగోస్‌లను, అంటే చెప్పేవారిపై నమ్మకం, వినేవారి ఉద్వేగం, తర్కం అనే మూడింటినీ అదే వరదతో వివరించారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవారి ఉదంతం మనసును కదిలిస్తుంది కాని, అది ఒక్కటే జలాశయానికి ప్రణాళిక కాజాలదని ఆమె అన్న తీరు బాగుంది.

నా ఫిర్యాదు ఒక్కటే. ఎదుటి వాదాన్ని ముందుగా నిజాయతీగా చెప్పి, తరువాత ఖండించే పద్ధతిని ఆమె ఆద్యంతం ‘కౌంటర్ ఆర్గ్యుమెంట్’ అనే అన్నారు. పూర్వపక్షం (ఎదుటి వాదం), సిద్ధాంతం (దాన్ని ఖండించి నిలిపే మన వాదం) అనే మాటలు మనకుండగా, వాటిని ఒక్కసారైనా తలచుకోలేదు. ‘కొండ మీద నిప్పు ఉంది, పొగ ఉంది కనుక, పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటయింటిలో వలె’ అని సాగే న్యాయదర్శనపు (మన ప్రాచీన తర్కశాస్త్రపు) వాదంలో, నా అర్జీలలో వదిలేసిన ఆ చివరి మెట్టును, ‘పొగ ఉన్నచోటల్లా నిప్పు’ అనే ఉదాహరణ భాగం ఎప్పుడో భర్తీ చేసింది. ఆ ముక్క చెప్పడానికి అయిదు నిమిషాలు చాలును. చేతికిచ్చిన కాగితాలు కూడా పూర్తిగా ఆంగ్లంలోనే ఉన్నాయి.

అయినా అర్జీలు, విన్నపాలు, పత్రికలకు లేఖలు రాసేవారికి ఈ రుసుము దండగ కాదు. మొదటి ఉదయం మానేసి మధ్యాహ్నం నుంచి చేరేవారికి తగ్గిస్తారా అని అడిగి చూశాను, తగ్గించరట.