ఆకు బొమ్మ బ్రోచర్‌లో సరే, డాబా మీద ఏముంది?

హన్మకొండ, కాజీపేట వైపు బడ్జెట్ ఫ్లాట్ల బ్రోచర్లలో "గ్రీన్" మాట గట్టిగానే వినిపిస్తోంది. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ (ఐజీబీసీ) ప్రీ సర్టిఫికేషన్ అంటే డిజైన్‌కు ఇచ్చింది. కట్టడం అయ్యాక ఇచ్చేది వేరు, చూపించమని అడగాల్సింది దాన్నే.

అన్నిటికన్నా నాసిగా ఉండేది ఇంకుడు గుంత. నాలుగడుగుల చదరం, ఆరడుగుల లోతు తవ్వి రాళ్లు, కంకర, ఇసుక నింపితే సందుల్లో పట్టేది మహా అయితే 1,100 లీటర్లు. 4,000 చదరపు అడుగుల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే దిగేది దాదాపు 18,000 లీటర్లు! కింద గట్టి రాయి తగిలిన చోట నీళ్లు ఇంకడమూ నెమ్మదే. మిగతాదంతా రోడ్డు పాలు. డాబా నీళ్లు ముందు ఫిల్టర్ దాటి సంపులోకి, పొంగినవి గుంతలోకి వెళ్లే ఏర్పాటు ఉంటే దానికి మంచి మార్కులు వేయొచ్చు. డాబా పైపులో రెండు బకెట్లు పోయించి గుంత దగ్గర నిలబడండి. కొన్నిచోట్ల ఆ పైపు నేరుగా డ్రైనేజీలోకే ఉంటుంది. పై ఇసుక ఏటా మృగశిరకు ముందే చెక్కి మార్చాలి, లేకపోతే బురద పొర కట్టి నీళ్లు దిగవు.

రోహిణి కార్తెలో పై అంతస్తు వాళ్లను ఆదుకునేది తెల్ల కూల్ రూఫ్ పూత. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. దుమ్ము పడితే మాత్రం పనితనం తగ్గుతుంది, కడుగుతుండాలి. పడమటి కిటికీలకు సజ్జ లేకపోతే ఆ గదికి పూతా దిక్కు కాదు. గోడల్లో ఏఏసీ బ్లాకులు (గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుకలు) వేడిని బాగానే ఆపుతాయి. పిల్లర్‌తో కలిసే చోట జాలీ వేయకుండా ప్లాస్టర్ చేస్తే నిలువు పగుళ్లు ఖాయం.

లిఫ్టు, బోరు మోటారు నడిచే కామన్ మీటర్‌కు సోలార్ పెడితే లాభమే. 5 కిలోవాట్లకు సుమారు 500 చదరపు అడుగుల జాగా కావాలి, రోజుకు సగటున 20 యూనిట్లు వస్తాయి. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద ఫ్లాట్ల యజమానుల సంఘాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. ప్యానెళ్లు లిఫ్టు గదికి ఉత్తరాన ఉంటే చలికాలమంతా నీడే.

ముప్పై ఫ్లాట్లకు ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) అంటే జాగ్రత్త. కరెంటు మిగుల్చుకుందామని అందులోకి గాలి పంపే బ్లోయర్ ఆపితే బ్యాక్టీరియా చచ్చి కంపు లేస్తుంది, నడిపితే మెయింటెనెన్స్ మోత. ఇవన్నీ అమ్మకపు అగ్రిమెంటులో రాయించుకోండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం స్వాధీనం నాటి నుంచి ఐదేళ్లలోపు పనిలో లోపం చూపితే, 30 రోజుల్లో బిల్డరే ఉచితంగా సరిచేయాలి.